కుటుంబ ఆరోగ్యము: రొమ్ము పెంచే ఆపరేషన్ గూర్చి ఒక తల్లి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏండ్లు. పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్ల మరీ బక్కగా ఉన్నదని వెళ్లిపోయారు. అప్పటినుండి పట్నం పోయి రొమ్ము పెంచే ఆపరేషన్ చేయించుకుంటానంటున్నది. గాటు చంకలో పెడతారట, మచ్చే కనబడదట. మేమేమి చేయాలి?
- ఒక సహోదరి

జవాబు: అమ్మా, ప్రభువు నామమున వందనములు. ఈ సంగతి ఎవరితోను చెప్పుకొనలేక మీరెంత నలిగిపోయారో ఉత్తరం చదివితే తెలిసింది. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. మీరిద్దరూ కలిసి ఈ జవాబు చదవండి.

ఈ ఆపరేషన్‌లో సిలికాన్ జెల్ గాని ఉప్పునీరు గాని నింపిన సంచిని రొమ్ము వెనుక అమర్చుతారు. గాటు సాధారణంగా మూడు చోట్లలో ఒకచోట పెడతారు.

మొదటిది, రొమ్ము కింది మడత. డాక్టరుకు లోపల చక్కగా కనబడుతుంది. తరువాత తెరవవలసి వచ్చినా అక్కడే తెరవవచ్చు. మచ్చ మాత్రం రొమ్ము కింద మిగులుతుంది.

రెండవది, చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయపు అంచు. మచ్చ రంగులో కలిసిపోతుంది. కాని పాలనాళాలు అక్కడే ఉన్నాయి గనుక వాటికి దెబ్బ తగలవచ్చు, వాటిలోని క్రిములు సంచికి అంటవచ్చు.

మూడవది, చంక. రొమ్ముమీద మచ్చ ఉండదు. అయితే దూరం నుండి చేసే పని గనుక సంచి ఉండవలసిన చోటికంటె పైన నిలిచిపోవచ్చు. తరువాత దాన్ని మార్చవలసి వస్తే తరచుగా రొమ్ము దగ్గర మరో గాటు తప్పదు.

గాటు ఎక్కడ పెట్టినా లోపల ఉండేది ఆ సంచే. మొదటి రోజులలో రక్తం చేరవచ్చు, చీము పట్టవచ్చు. చీము పడితే సంచి తీసివేయవలసి రావచ్చు. స్పర్శ తగ్గవచ్చు. సంచి చుట్టూ శరీరం ఒక పొర కడుతుంది. కొందరిలో అది బిగుసుకొని రొమ్ము గట్టిపడి నొప్పి పెడుతుంది. బిడ్డకు పాలు తగ్గే అవకాశమూ ఉంది. గరుకు పైపొర గల సంచుల వలన అరుదుగా ఒక రకమైన క్యాన్సర్ రావడంతో 2019లో అటువంటి కొన్నింటిని మార్కెట్టు నుండి వెనుకకు తీసుకొన్నారు.

ఈ సంచులు జీవితాంతం ఉండేవి కావని అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 2021లో హెచ్చరికలో చేర్పించింది. సిలికాన్ సంచి లోపల పగిలినా పైకి తెలియకపోవచ్చు. అందుకే 5, 6 ఏండ్లకు ఒకసారి, ఆ తరువాత ప్రతి 2, 3 ఏండ్లకు స్కాన్ చేయించుకోమని ఆ శాఖ చెబుతున్నది. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే లెక్క వేసుకోకండి. ఈ స్కాన్లకు, మరో ఆపరేషన్‌కు మీ ఊరినుండి పట్నానికి తిరుగగలరా అని కూడ ఆలోచించండి.

అమ్మాయి పెద్దది. నిర్ణయం ఆమెదే. ఆమెను గద్దించవద్దు. ఒక్కటి మాత్రం అడగండి: ఈ కోరిక నీదా, ఆ వచ్చి వెళ్లినవారి మాటదా? ఆమెదే అయితే అర్హతగల ప్లాస్టిక్ సర్జనును కలిసి పై సంగతులన్నీ అడగండి. తొందరపడి తేదీ ఇవ్వకండి. రొమ్ము పెంచుతామని సూదులు వేసేవారి దగ్గరకు ఎన్నటికీ వెళ్లనీయకండి.

యెష్షయి ఇంట ఏలీయాబు రూపమును, ఎత్తును చూచి సమూయేలువంటి ప్రవక్తయే పొరబడ్డాడు. పెండ్లిచూపులకు వచ్చినవారు పొరబడుటలో వింత లేదు. మీ బిడ్డ మాత్రం తన్నుగూర్చి తాను పొరబడకుండునట్లు ప్రార్థించుచున్నాము.