ఏడాదిపాటు నిలిచే తోడు

పేద విద్యార్థులకు ఫీజులు కట్టేవారు, పుస్తకాలు కొనిచ్చేవారు మన సమాజంలో ఉన్నారు. ఉచిత సలహాలిచ్చేవారికైతే కొదవే లేదు. కాని ఒక పిల్లవాడి పక్కన కూర్చొని, అతడు చెప్పేది ఓపికగా విని, మరుసటి వారం అదే వేళకు మళ్ళీ వచ్చే పెద్దమనిషి ఎంతమందికి దొరుకుతున్నాడు? ప్రతి కుటుంబమూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

అమలాపురం చేరువలోని బండారులంకను చూడండి. చేనేత చీరలకు పేరుపొందిన ఊరు అది. నేతపని ఉపన్యాసం విని నేర్చుకునేది కాదు. కండెలు చుట్టడంతో మొదలుపెట్టిన బిడ్డ పెద్దల పక్కన చేరి, తెగిన పోగును అతకడం, పడుగును సరిచూసుకోవడం, నాడె వేగాన్ని అదుపులో ఉంచుకోవడం ఏళ్ళ తరబడి చూస్తూ, చేస్తూ నేర్చుకుంటుంది. పనితోపాటే ఓర్పు, పొదుపు, ఇచ్చిన గడువుకు చీర అందించే అలవాటు అబ్బుతాయి. ఆ విధంగా మగ్గమున్న ప్రతి ఇంటిలోను ఒక మార్గదర్శి ఉండేవాడు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు, అంతే.

నేడు ఆ గొలుసు తెగుతున్నది. 2019–20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం, దేశంలోని నేత కుటుంబాలలో సుమారు మూడింట రెండు వంతుల వారి నెలసరి ఆదాయం 5,000 రూపాయల లోపే. తన బిడ్డ మగ్గం గుంటలో దిగకూడదని నేతగాడు కోరుకోవడంలో తప్పేమున్నది? అయితే ఆ బిడ్డ ఇంటర్ తరువాత ఏ కోర్సులో చేరాలి? ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి? మొదటిసారి ఫెయిలైతే ఏం చేయాలి? వీటికి తండ్రి దగ్గర సమాధానం లేదు. అది అతడి లోపం కాదు. ఆ దారిలో అతడు ఎన్నడూ నడవలేదు. కోనసీమలో మరికొన్ని ఇళ్ళలో తండ్రో తల్లో గల్ఫ్ దేశాలలో పనిచేస్తుంటారు. ఫోనులో ఖర్చుల లెక్కలు మాట్లాడుకోవచ్చు. బిడ్డ ముఖం వాడిపోయిన సంగతి మాత్రం ఆ ఫోనుకు అందదు.

ఈ లోటును పూరించడానికి మన దేశంలో నడుస్తున్న సంస్థలలో మెంటార్ టుగెదర్ ఒకటి. 2009లో అరుంధుతి గుప్తా బెంగళూరు కేంద్రంగా దీనిని ప్రారంభించారు. ఉద్యోగాలు చేస్తున్న స్వచ్ఛంద సేవకులను, తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులను ఒకరికొకరుగా జతపరచడం దీని పని. మొదట ముఖాముఖి సమావేశాలతో ఆరంభమై, తరువాత ‘మెంటార్ టు గో’ అనే మొబైల్ యాప్ ద్వారా విస్తరించింది. 2025లో కేంద్ర కార్మిక శాఖ ఈ సంస్థతో ఒప్పందం చేసుకున్నది. నేషనల్ కెరీర్ సర్వీస్ ద్వారా తొలి ఏడాదిలోనే 2 లక్షల మంది యువతకు మార్గదర్శకత్వం అందించాలన్నది లక్ష్యం.

ఇది హర్షించదగిన ప్రయత్నం. ఊరు దాటి వెళ్ళే వీలులేని ఒక ఆడపిల్ల ఇంటి నుంచే హైదరాబాదులోని మహిళా ఇంజనీరుతో మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. కాని 2 లక్షలన్న అంకెను విని సంతోషించే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ రంగపు పాత అనుభవాన్ని గుర్తుచేసుకోవాలి.

1904లో న్యూయార్క్ నగరంలో, బాలల కోర్టులో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కూల్టర్, నేరాలలో చిక్కుకొని వచ్చే పిల్లలను చూసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క పెద్దవాడు అన్నగా నిలవాలని నగరవాసులను కోరాడు. బిగ్ బ్రదర్స్ ఉద్యమానికి అదే బీజం. ఆ ఉద్యమ ఫలితాలను పరిశీలించిన ఒక అధ్యయనం 1995లో వెలువడింది. 10 నుంచి 16 ఏళ్ళ వయసున్న 959 మందిని అందులో పరిశీలించారు. తోడు దొరికినవారిలో మత్తుపదార్థాలు మొదలుపెట్టే అవకాశం, తోడు కోసం ఇంకా వేచి ఉన్నవారితో పోల్చితే 46 శాతం తక్కువగా కనిపించింది. బడి ఎగ్గొట్టిన రోజులు సగానికి సగం తగ్గాయి.

అవే వివరాలను జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ మరింత లోతుగా పరిశీలించి 2002లో ప్రకటించిన ఫలితం మనకు ఇంకా ముఖ్యమైనది. ఏడాది, అంతకు మించి నిలిచిన స్నేహాలే అత్యధిక మేలు చేశాయి. మూడు నెలలలోపే తెగిపోయిన చోట పిల్లలకు తమపై తమకున్న నమ్మకం మునుపటికంటే తగ్గింది. అంటే, సగంలో వదిలివేసే తోడు అసలు లేని తోడుకంటే హానికరం కాగలదు. అప్పటికే ఎవరో ఒకరు దూరమైన బిడ్డకు మరొకరు కూడా చెప్పకుండా మాయమైతే, ‘లోపం నాలోనే ఉన్నది’ అని ఆ పసిమనసు తీర్మానించుకుంటుంది.

కాబట్టి విస్తరణ అంటే ఎంతమంది పేర్లు నమోదయ్యాయన్నది కాదు. ఎన్ని జంటలు ఏడాది చివరిదాకా నిలిచాయన్నదే సరైన కొలత. సంస్థ జాతీయమైనదే కావచ్చు. నిలబడవలసింది మాత్రం ఒక్క మనిషి, ఒక్క బిడ్డ ముందు.

బండారులంక వంటి ఊళ్ళలో ఈ పనికి మనుషులు లేకపోలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులున్నారు. బ్యాంకులో, ఆసుపత్రిలో పనిచేసేవారున్నారు. అమలాపురం కళాశాలలలో చదువుతున్న యువతీయువకులున్నారు. గల్ఫ్ నుంచి తిరిగివచ్చి, అక్కడి కష్టసుఖాలు ఎరిగిన అన్నలు, అక్కలు ఉన్నారు. గొప్ప పాండిత్యం అవసరం లేదు. వినే ఓపిక, చెప్పిన వేళకు వచ్చే నియమం కావాలి.

అయితే జాగ్రత్తలు తప్పవు. తల్లిదండ్రుల అనుమతితోనే పరిచయం మొదలు కావాలి. ముందుకు వచ్చిన వ్యక్తి ఎలాంటివాడో విచారించాలి. కలయిక గ్రంథాలయం, పాఠశాల, సహకార సంఘం కార్యాలయం వంటి నలుగురూ మసలే చోట జరగాలి. ఆడపిల్లలకు మహిళలే తోడుండడం మేలు. నెలకొకసారి ఒక బాధ్యుడు ఇరువురినీ విడివిడిగా పలకరించి ఎలా సాగుతున్నదో తెలుసుకోవాలి. మార్గదర్శి డబ్బు ఇచ్చే దాత కాకూడదు. తల్లిదండ్రుల స్థానాన్ని ఆక్రమించకూడదు. ఊరు విడిచి వెళ్ళవలసివస్తే ముందుగా చెప్పి, వీడ్కోలు పలికి వెళ్ళాలి.

ఇది చదివి ఉత్సాహపడిన పాఠకులకు ఒక్క విన్నపం. ఏ పిల్లవాడికైనా మాట ఇచ్చే ముందు క్యాలెండరు తీసి రాబోయే పన్నెండు నెలలు చూడండి. పెళ్ళిళ్ళు, పంటలు, పండుగలు, బదిలీలు అన్నీ లెక్కలోకి తీసుకోండి. వాటి నడుమ వారానికి ఒక గంట నిజంగా మిగులుతుందనుకుంటేనే అడుగు ముందుకు వేయండి. మిగలదనుకుంటే ఆ సంగతి ఇప్పుడే చెప్పడం కూడా ఆ బిడ్డకు చేసే మేలే.