ఒకే చాప మీద

ఏటా కార్తీక మాసంలో కారంపూడి వీరుల తిరునాళ్లలో, మందపోరు రోజున చాపకూడు జరుగుతుంది. చాపలు పరిచి, వండిన అన్నం పోసి, ఏ కులమని అడగకుండా అందరూ తింటారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు మాచర్లలో మొదలుపెట్టాడని పల్నాడు నమ్మే పంక్తి ఇది. మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకులా చేరదీసి సేనానిని చేసిన కథకు పునాది ఇలాంటి భోజనమేనని నా నమ్మకం. కలిసి తిననివాడి చేతికి సైన్యాన్ని ఎవరప్పగిస్తారు?

ఇది చరిత్రా, కథా అని అడగవచ్చు. శ్రీనాథుడి పేరున్న ‘పల్నాటి వీరచరిత్ర’ పల్నాటి యుద్ధం జరిగిన రెండు వందల ఏళ్లకు పైగా తర్వాతిదే. అయినా ఆచారం కళ్లెదుట ఉంది. అసలైన ఆక్షేపణ వేరు: ఒక పూట కలిసి తిన్నా మర్నాడు ఎవరి వాడ వారిదే కదా? నిజమే. ఇన్ని వందల ఏళ్ల చాపకూడు అంటరానితనాన్ని తుడిచేయలేదు, 1950లో రాజ్యాంగంలోని 17వ అధికరణం రావలసి వచ్చింది. కానీ చట్టం శిక్షించగలదే తప్ప, మనిషి పక్కన మనిషిని ఇష్టంగా కూర్చోబెట్టలేదు. ఆ అలవాటు చిన్న పనులతోనే వస్తుంది. 2003లో రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలయ్యాక నరసరావుపేటలోనూ, గురజాలలోనూ సర్కారు బడి పిల్లలకు అలాంటి పంక్తి బడి ఉన్న ప్రతి రోజూ దొరుకుతోంది. వండిందెవరని ఇంట్లో ఆరా తీసే పెద్దలు ఇంకా ఉన్నారు. అందుకే ఈ సంచికలో మొదటి పేజీలు ఆ పిల్లలకీ, వాళ్లకు వండిపెట్టే తల్లులకీ ఇచ్చాం.