చేనేత దినము – వర్తకధర్మము

ఆగస్టు 7వ తేదీ సమీపించిన కొలదిని మన పట్టణములలోని బట్టల అంగళ్లు తోరణములు కట్టుకొనుచున్నవి. రాట్నపు బొమ్మలును, మూడురంగుల కాగితములును, తగ్గింపు ధరల పలకలును వీథులను నింపుచున్నవి. ఇది చూచి కొందరు పెద్దలు నొచ్చుకొనుచున్నారు. జాతీయదినమును అంగడిసరకు చేసితిరే యని వారి యాక్షేపణ. ఈ యాక్షేపణయందు కొంత న్యాయము లేకపోలేదు. కాని తప్పు అమ్మకమునందు లేదనియు, అమ్ము తీరునందున్నదనియు మా యభిప్రాయము.

ఈ దినముయొక్క పుట్టుకను ఒకమారు స్మరింతము. కర్జను ప్రభువు వంగరాష్ట్రమును రెండుగా చీల్ప సంకల్పించియుండగా, 1905వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీని కలకత్తా పురమందిరమున మహాసభ గూడి విదేశవస్తు బహిష్కారమును తీర్మానించెను. ఆ తీర్మానము పూజామందిరమునకు గాని శాసనసభకు గాని సంబంధించినది గాదు; బజారునకు సంబంధించినది. ఏమి కొనవలయును, ఎవరియొద్ద కొనవలయును అనునదే నాటి ప్రతిజ్ఞ. 1907లో బిపిన చంద్రపాలు మన తీరదేశమున సంచరించి ఉపన్యసించినప్పుడు రాజమహేంద్రవరము, బందరు మొదలగు పట్టణములలో రేగిన ఉత్సాహమును స్వదేశి వస్తువును చుట్టుకొనియే పెరిగినది. ఆ తేదీనే 2015లో భారతప్రభుత్వము జాతీయ చేనేత దినముగా ప్రకటించినది. కావున నాడు నేతగుడ్డ నమ్ముట అపచారము గాదు. ఆ దినమునకు తగిన పనియే.

దేశసేవయు వర్తకమును ఒక్క గడపలో ఇముడవనువారికి మనవారిలోనే సమాధానము గలదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించి వ్యాప్తి నొందించిరి. 1908లో ఆంధ్రపత్రికను వెలయించినదియు ఆయనయే. పదిమంది గూడిన సమయమును పంతులుగారు వినియోగించుకొనిరి, నిజమే. కాని సరకును మాటలచాటున దాచలేదు; దానిని కొనువాని చేతిలో బెట్టి పరీక్షకు నిలిపిరి. చిన్నవర్తకులు నేర్వదగిన పాఠ మిదియే.

నేడు చేనేత దినమున ఈ పరీక్షకు నిలువని సరకు కొంత అంగళ్లకెక్కుచున్నది. మరమగ్గముమీద నేసినదానిని, యంత్రముచే అచ్చొత్తినదానిని చేనేతయని చెప్పి యమ్ముట పండుగను దొంగిలించుటయే. 1985నాటి చేనేత రిజర్వేషను చట్టము కొన్ని తెగల వస్త్రములను చేతిమగ్గములకే ప్రత్యేకించినది. 1993లో సుప్రీము కోర్టు ఆ చట్టమును సమర్థించినది. 2006లో చేనేత ముద్రయు వచ్చినది. చట్టమున్నను, ముద్రయున్నను, అడుగు కొనుగోలుదారు లేనిచో ప్రయోజన మేమి? పోచంపల్లి చీరను చూడుడు. అందు నూలునకు ముందుగానే కట్లుగట్టి రంగులద్ది, పిదప మగ్గమున కెక్కింతురు. అందుచేత చిత్రము గుడ్డ రెండువైపులను సమానముగా గనబడును, అంచులు కొంచెము చెదరినట్లుండును. పైపై అచ్చొత్తిన గుడ్డను తిరుగవేసినచో వన్నె వెలవెలబోవును. ఈ రెంటిని ప్రక్క ప్రక్కన బరచి చూపు దుకాణదారునికి వేరు ప్రకటన యక్కరలేదు. పొందూరు ఖద్దరునకు వాలుగచేప దవడతో ప్రత్తిని దువ్వుదురని ఎందరు పట్టణవాసులెరుగుదురు? ఆ దవడ నొకదానిని బల్లమీద నుంచినచో, పది తగ్గింపు పలకలు చేయలేని పనిని అది చేయును.

తగ్గింపును గూర్చి ఒకమాట. ఆషాఢమున ధర హెచ్చించి తగ్గించు విద్య మనవారికి క్రొత్త గాదు. ఆ విద్యను చేనేత దినమునకు తేవలదని మేము వర్తకులను వేడుచున్నాము. చేతిపనికి సగము ధర యనగా, ఆ సగమును ఎవరో ఒకరు భరింపవలయును గదా. అది అంగడివాని లాభములోనిదైన సంతోషమే. నేతగాని కూలిలోనిదైనచో ఆ దినమునకు చేనేత దినమను పేరు తగదు.

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. ఈ పండుగ వానకాలమున వచ్చును. గుంటమగ్గములోనికి నీరూరును, వీథిలో సాచిన పడుగు ఆరదు, పని కుంటుపడును. చీరలకు గిరాకి హెచ్చు శ్రావణమాసమును, నేతగాని యిల్లు పస్తుండు దినములును ఒక్కటే యగుట మన దౌర్భాగ్యము. పంట యింటికిరాకముందే అప్పు తలుపు తట్టుట యెట్టిదో భూస్వాములగు మా పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. కావున నిజముగా ఈ దినమును జరుపదలచిన వర్తకుడు ఆగస్టునందు గాదు, వేసవియందే మేల్కొనవలయును. మగ్గమునకు ముందుగా పని చెప్పి, కొంత సొమ్ము చేతికిచ్చి, సరకు అందిననాడే తక్కినది చెల్లింపవలయును. చీర అమ్ముడుపోయిన పిదప చూతమనుట వర్తకము గాదు, నేతగానియొద్ద వడ్డీలేని అప్పు తీసికొనుట. 2019-20 గణనమును బట్టి ఈ వృత్తిలో 35 లక్షలకు పైగా జనులున్నారు. వారిలో నూటికి 70 మందికి మించి స్త్రీలు. ఆసుపోయుటయు, కండెలు చుట్టుటయు వారి చేతిమీదనే జరుగుచున్నవి. వెలకట్టునప్పుడు ఆ చేతులను మరువరాదు.

ప్రభుత్వమువారి బాధ్యతయు తక్కువది గాదు. ఏటేట ఉత్సవము జరుపు కేంద్రప్రభుత్వమే, 2020 జులైలో, ఈ దినమునకు కొలదిరోజులముందు, అఖిల భారత చేనేత బోర్డును రద్దుచేసినది. నేతగాని గోడు వినిపించుకొను స్థానమును తొలగించి, వానికి దండవేయుట శోభింపదు.

చివరకు కొనువారికి మా మనవి. ఆ దినమున అంగడికి పొండు, సంకోచింపకుడు. కాని మూడు ప్రశ్నలడుగుడు: ఇది ఏ యూర నేసినది? నూలు ఏది, జరీ ఎట్టిది? నేతగానికి సొమ్ము ముట్టినదా? సూటిగా బదులు చెప్పినవానియొద్దనే కొనుడు. ఆ వర్తకుడు చిన్నవాడైనను వానినే పదిమందికి చూపుడు. 1905లో మన పెద్దలు బజారున జేసిన ప్రతిజ్ఞను బజారుననే నిలుపుకొందము.