ఒప్పుకోలు

చిన్న కేసులతో పేదవాడికి వచ్చే ముప్పేమీ లేదనీ, జరిమానా కట్టి ఇంటికి పోవచ్చుననీ మొన్న మా స్టాఫ్ రూములో ఒక మిత్రుడు వాదించాడు. నెలజీతగాడి వాదమది.

మా కళాశాల ముందు అరటిపండ్లమ్మే మనిషిపై దారికి అడ్డమని కేసు పెట్టారు. గోడవారగా నిలిచే ఆ తోపుడుబండిని నేను రోజూ చూస్తాను. ఆ మాటే చెబుదామని మూడు వాయిదాలకు అతని వెంట వెళ్ళాను. ఒకనాడు పోలీసు సాక్షి రాలేదు. ఒకనాడు మేజిస్ట్రేటు సెలవు. మూడోనాడు సాయంత్రందాకా పిలుపే లేదు. నాకు పోయినవి క్యాజువల్ సెలవులు. అతనికి పోయినది తిండి. నాలుగోనాడు, "చేశాననే చెప్తా సార్" అన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఆకలి పలికిన అబద్ధం రికార్డులో సత్యమై కూర్చున్నది.

వలస చట్టాలను పాతిపెట్టామంటూ 2024 జూలై 1న అమలులోకి తెచ్చిన భారతీయ న్యాయ సంహిత చేసిందేమిటి? ఈ నేరానికి పాత శిక్షాస్మృతిలో జరిమానా 200 రూపాయలకు మించరాదు. కొత్త 285వ సెక్షనులో ఆ హద్దు 5,000. చిల్లర నేరాల్లో, తప్పొప్పుకుంటే కోర్టుకు రాకుండానే జరిమానా పంపుకునే వీలు కూడా చట్టంలో ఉన్నది. ఒప్పుకునేవాడికి తపాలా, కాదనేవాడికి వాయిదా!

సాక్షి రాని వాయిదాకు ముద్దాయి కూలిని ప్రభుత్వమే చెల్లించాలి. అంతవరకు, మిత్రమా, ఆ ఒప్పుకోళ్ళను న్యాయమని మన విద్యార్థులకు బోధించకు.