ఓడినవాడికి లెక్క చూపించండి

ఫలితాలొచ్చిన ప్రతిసారీ మన ఐటీ జనం రెండు వర్గాలైపోతారు. "ఈవీఎంలు హ్యాక్ చేశారు" అని ఒకరు. "దానికి నెట్ కనెక్షనే లేదు, నువ్వూ ఒక ఇంజనీరువేనా" అని ఇంకొకరు. తమాషా ఏంటంటే, ఐదేళ్ళకోసారి వీళ్ళు వాదనలు మార్చుకుంటారు. 2019లో చంద్రబాబు ముందు నిలబడి, సగం వీవీప్యాట్ స్లిప్పులు లెక్కపెట్టాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2024లో ఓడాక జగన్ పేపర్ బ్యాలెట్లే మేలన్నారు. ఎవరు గెలిస్తే వాళ్ళకి మెషీన్ మంచిది!

నాకీ రెండు వాదనలూ అక్కర్లేదు. హ్యాక్ చేశారా లేదా అన్నది కాదు ప్రశ్న. ఓడినవాడు లెక్క చూసుకుని "సరే, ఓడిపోయాను" అనగలడా లేదా అన్నదే ప్రశ్న. గెలిచినవాణ్ణి ఒప్పించడానికి ఎన్నికల సంఘం అక్కర్లేదు కదా.

వీవీప్యాట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని బూతుల్లోనూ పెట్టారు. బటన్ నొక్కగానే అద్దం వెనక ఏడు సెకన్లు స్లిప్పు కనిపిస్తుంది, తర్వాత పెట్టెలో పడుతుంది. అంటే మన భాషలో ఆడిట్ లాగ్ ఉంది. కానీ చదివేదెంత? లాటరీ తీసి, అసెంబ్లీ సెగ్మెంటుకి ఐదు బూతులు. అంతే.

కాస్త లెక్క వేద్దాం. సెగ్మెంటులో 300 బూతులున్నాయనుకోండి. వాటిలో ఐదింట్లో తేడా ఉందనుకోండి. లాటరీలో ఒక్కటైనా తగిలే అవకాశం దాదాపు 8 శాతం. లోక్‌సభ సీటులోని ఏడు సెగ్మెంట్లలోనూ ఇలాగే ఉన్నా, దొరికే అవకాశం 45 శాతం. బొమ్మా బొరుసా వేసినా ఇంతకంటే నయం.

35 బూతులతో ఏమవుతుంది అంటారా? 2024లో మహబూబ్‌నగర్‌లో మెజారిటీ 4,500 ఓట్లు. బూతుకి 70 ఓట్లు ఇటువి అటు మారితే 35 బూతుల్లో 4,900 తేడా వస్తుంది. అక్కడేదో జరిగిందని కాదు నేననేది. అదే ఎన్నికల్లో మల్కాజిగిరిలో మెజారిటీ 3.9 లక్షలు. అక్కడా 35 బూతులే, ఇక్కడా 35 బూతులే! మెజారిటీ తగ్గేకొద్దీ శాంపిల్ పెరగాలని స్టాటిస్టిక్స్ చదివినవాడెవడైనా చెప్తాడు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఇదే పద్ధతిలో ఆడిట్ చేస్తోంది.

ఇంకో బగ్ ఉంది. స్లిప్పుల లెక్కకీ మెషీన్ లెక్కకీ తేడా వస్తే ఆ బూతులో స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. బావుంది. మరి మిగతా బూతుల సంగతి? సీటు మొత్తం స్లిప్పులు లెక్కపెట్టి తీరాలన్న నియమం లేదు. టెస్టు ఫెయిలైతే ఏం చెయ్యాలో రాయని టెస్ట్ ప్లాన్‌ని మీ మేనేజర్ ఒప్పుకుంటాడా?

2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు అన్ని స్లిప్పులూ లెక్కపెట్టక్కర్లేదంది. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు ఖర్చు కడితే 5 శాతం మెషీన్ల చిప్పులు తనిఖీ చేయించుకోవచ్చంది. పెట్టెలో కాగితం ఉండగా చిప్పు చూడ్డమెందుకండీ? కాగితాన్ని పదో తరగతి చదివిన ఏజెంటు కూడా లెక్కపెట్టగలడు. చిప్పు దగ్గర ఇంజనీరు చెప్పిందే వేదం. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో తమ ఓటింగ్ మెషీన్లని తప్పుపట్టింది ఈ పాయింటు మీదే: ప్రత్యేక పరిజ్ఞానం లేని పౌరుడు కూడా లెక్కని సరిచూసుకోగలగాలి.

ఆలస్యమవుతుందంటారు. 2024లో రెండు తెలుగు రాష్ట్రాలూ మే 13న ఓటేశాయి. లెక్కపెట్టింది జూన్ 4న. మూడు వారాలు స్ట్రాంగ్‌రూముల్లో ఉంచగా ఓపిక పట్టినవాళ్ళం, ఇంకో రెండ్రోజులు ఆగలేమా?

నేనడిగేది పేపర్ బ్యాలెట్ కాదు. ఉన్న మెషీన్లే ఉండనివ్వండి. మెజారిటీని బట్టి శాంపిల్ పెంచండి. తేడా వస్తే మొత్తం లెక్కపెట్టాలని రూల్ రాయండి. ఈ రెండూ అయ్యాక కూడా ఓడినవాడు ఏడిస్తే, అప్పుడు మనందరం కలిసి నవ్వుదాం.

ఒక్క మనవి. ఇది మీ పార్టీ గెలిచినప్పుడు అడగండి. ఓడినప్పుడు అడిగితే ఎవరూ వినరు.