మరమ్మతుకు ముహూర్తం

వేసవి రాగానే మన రామచంద్రపురం ప్రాంతంలో కాలువలు కట్టివేస్తారు. పూడిక తీస్తారు, లాకుల తలుపులు, గట్లు బాగుచేస్తారు. "దాళ్వా చేనుకు ఇంకొక తడి కావాలి, పదిరోజులు ఆగండి" అని రైతు వేడుకొనడం సహజమే. కాని కాలువ కట్టే తేదీని నిర్ణయించే అధికారం నీరు కోరేవానికే ఉంటే, పూడిక తీసే రోజు ఎన్నటికీ రాదు. సైనిక విమానాలకును ఇదే ధర్మం వర్తిస్తుందని మా అభిప్రాయం.

విశాఖ సముద్రతీరాన ప్రదర్శనకు నిలిపిన టి.యు. 142 విమానాన్ని విద్యార్థులతో కలిసి చూశాము. 1988లో మన నౌకాదళంలో చేరి, 2017లో విరమించిన ఈ జాతి విమానాలు 29 సంవత్సరాలలో 30 వేల గంటలు ప్రమాదమెరుగక ఎగిరినవి. "బాగా ఎగురుతున్న విమానాన్ని ఎప్పుడు విప్పాలో ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని ఒక విద్యార్థి ప్రశ్నించాడు.

అందుకు కొలమానాలు మూడు: ఎగిరిన గంటలు, గడచిన సంవత్సరాలు, నేలకు దిగిన పర్యాయాలు. ఇంజను గంటలతో అరుగుతుంది. చక్రాల కాళ్లు దిగిన ప్రతిసారి దెబ్బతింటాయి. ఉప్పుగాలికి లోహం షెడ్డులో ఉన్నా క్షీణిస్తుంది. కనుక ఒక్క లెక్క చాలదు.

అట్లని తేదీ రాగానే సమస్తమూ విప్పడం వివేకం కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో జలాంతర్గాములను వేటాడిన బ్రిటిష్ లిబరేటర్ విమానాలను వాడింగ్టన్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించాడు. 50 గంటల తనిఖీ ముగిసిన వెంటనే లోపాలు పెరిగి, తరువాత తగ్గుతున్నట్లు తేలింది. బాగున్న భాగాన్ని కదిలించడమే కొత్త లోపానికి దారి! అందుకే నేడు నూనెలోని లోహపు రజను పరీక్షిస్తారు. పగుళ్లను ఎక్స్‌రేతో, శబ్దతరంగాలతో వెదకుతారు.

అయినను పరీక్షకు చిక్కని పగులు ఉండవచ్చును. కాబట్టి కాలువకు వేసవి గడువూ కావాలి, గట్టు వెంట నడిచే లస్కరు కన్నూ కావాలి. అన్నింటికంటె ముఖ్యం, గడువును పొడిగించే అధికారం విమానం అవసరమైన సేనానికి గాక, దానిని పరీక్షించిన ఇంజనీరుకు ఉండాలి. ఎంతకాలం, ఏ కారణంచేత పొడిగించెనో అతడు వ్రాసి సంతకం చేయాలి.

మా విద్యార్థులలో కొందరైనా రేపు అట్టి సంతకం చేయవలసినవారే. పై అధికారి తొందరపడుతున్నప్పుడు "ఇది నేడు ఎగరరాదు" అని వ్రాయగల ధైర్యం వారికి కలగాలి. ఆ ఒక్క మాట మీద పైనున్నవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.