అమ్మ మాటకు బరువు లేదనువారికి

చిన్న పట్టణమందలి గృహిణికి సమాజమును గూర్చి సొంత అభిప్రాయములుండవనియు, ఉన్నను అవి పొయ్యి దగ్గర పుట్టి పొయ్యి దగ్గరనే చల్లారిపోవు కబుర్లనియు, ఉదారభావమన్నది మహానగరములలో చదువుకొన్నవారు పుస్తకముల మూలమున సంపాదించుకొనునదే గాని తిరుపతి, చిత్తూరు వంటి ఊళ్ళలో, అందులోను నోములు వ్రతములు తప్పని ఇండ్లలో, దానంతట అది మొలకెత్తునది కాదనియు నమ్మువారు మనలో కొల్లలుగా నున్నారు. సంప్రదాయమును కాపాడుటకు నడుము కట్టిన పెద్దలును, దానిని సమూలముగా పెకలింపవలెనను యువకులును మరి యే విషయమునను ఏకీభవింపరు గాని, దీనియందు మాత్రము ఒక్క మాటమీద నిలుచుచున్నారు. పెద్దల దృష్టిలో తల్లి ఆచారమునకు కావలికత్తె. యువకుల దృష్టిలో ఆచారమునకు బందీ. ఇరువురి దృష్టిలోను ఆలోచించి, మంచిచెడ్డలు తూచి, ఒక నిర్ణయమునకు వచ్చిన మనిషి మాత్రము కాదు. ఈ మతమును నేను సంపూర్ణముగా నిరాకరించుచున్నాను. దక్షిణ రాయలసీమలో రెండు మూడు తరములుగా కుటుంబ జీవనమున కలిగిన మేలి మార్పులలో పెక్కింటికి, ఈ తల్లులు పనిపాటల నడుమ అలవోకగా పలికిన మాటలే ఊపిరి పోసినవని నా దృఢవిశ్వాసము.

మా అమ్మను గూర్చియే చెప్పెదను. పాత తిరుపతిలో ఇరుకు సందులోని ఇల్లు. ఎనిమిదవ తరగతితో ఆగిన చదువు. పెరటాసి నెల శనివారములు ఒక్కపొద్దు తప్పని భక్తి. మా నాయనమ్మ కాలమున మా పెరటి గోడ గూటిలో ఒక సత్తు గలాసు వేరుగా నుండెడిది. అంట్లు తోముటకు వచ్చు ఆమెకు అందులోనే కాఫీ పోయుట, అదియు పైనుండి పోయుట, ఆమె త్రాగిన పిదప తానే కడిగి మరల ఆ గూటిలోనే బోర్లించుట మా యింటి నియమము. ఒకనాడు పాత సామానులవాడు వీధిలో కేకవేయగా అమ్మ ఆ గలాసు తీసి వానికి ఇచ్చివైచి, మరునాటి ఉదయము ఇంటివారందరును త్రాగు స్టీలు గలాసులలో ఒకదానిలో కాఫీ పోసి ఆమె చేతికిచ్చినది. నాయనమ్మ అడుగగా అమ్మ చెప్పిన సమాధానమిది: “గలాసుల్లో గూడా ఏది ఎవురిదో గుర్తు పెట్టుకునేంత ఓపిక నాకు లేదత్తా.”

ఇందులో సిద్ధాంతమేమున్నది, విసుగు తప్ప, అని విద్యావంతులు చప్పరించి వేయుదురు. సరిగా ఇక్కడనే వారికిని నాకును భేదము. ఆనాడు అమ్మ అస్పృశ్యత పాపమని వాదనకు దిగియుండినచో ఏమి జరిగెడిది? కోడలు అత్తకు నీతులు చెప్పినదను నింద పుట్టి, బంధువులు చేరి, తగవు పెరిగి, తుదకు ఆ పనిమనిషికే ఆ యింట పని పోయెడిది. అందుచేత ఆమె పెద్ద మాటను పెదవి దాటనీయక, ఎవ్వరును కాదనలేని చిన్న కారణము చెప్పి, చేయదలచినది చేసి ఊరకున్నది. నాయనమ్మ రెండు దినములు కాఫీ మానినది, మూడవనాడు త్రాగినది; మా యింట రెండవ గలాసు మరల కనబడలేదు. అంటరానితనమును రాజ్యాంగపు పదునేడవ అధికరణము 1950లోనే రద్దు చేసినది. దానిని నేరముగా పరిగణించు శాసనము 1955లో వచ్చినది. ఈ రెండును ఎంతటి మహత్తరములైనను మా పెరటి గూటిదాక నడిచి రాలేదు. అక్కడికి శాసనమును తీసికొనిపోయినది ఎనిమిదవ తరగతి చదివిన ఇల్లాలు. సూత్రమును వాక్యముగా చెప్పలేనివారికి సూత్రము తెలియదనుట విద్యాగర్వము తప్ప వేరొకటి కాదు.

ఆమె మాటలన్నియు ఇట్టివే. తిన్న చోటనే చేయి కడిగి లేచిపోవు మా అన్నతో, “తిన్న తట్ట ఎత్తినంత మాత్రాన మొగతనం జారి కింద పడిపోదు నాయనా” అనెడిది. నెలసరి వచ్చిన మేనకోడలిని పరీక్షల దినములలో మూల కూర్చుండబెట్టవలెనన్నప్పుడు, “గోడవార కుచ్చోబెడితే ఆ గోడేమన్నా మార్కులేస్తాదా?” అని అడిగి, పాపను పుస్తకములతోసహా నట్టింటికి పిలిచినది. పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్ల రంగు తక్కువయన్నచో, వారు వీధి మలుపు తిరుగకమునుపే ఆ సంబంధము వలదని తీర్పు చెప్పెడిది. స్త్రీ పురుషుల శ్రమ విభాగమును గూర్చియు, శౌచాశౌచములను గూర్చియు, వర్ణవ్యామోహమును గూర్చియు విశ్వవిద్యాలయములలో సదస్సులు జరుగుచున్నవి, జరుగవలసినదే. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమును, 1983లో స్త్రీలకే ప్రత్యేకముగా శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును వెలసినవి. ప్రభుత్వము భవనములు కట్టినది, ఆచార్యులను నియమించినది. అయితే పాకాలనుండియు పుత్తూరునుండియు చంద్రగిరినుండియు తెల్లవారుజామున బస్సెక్కిన బాలికకు, “ఆడపిల్లకు ఇంక చదువెందుకు” అను నలుగురి నోళ్ళు మూయించి, క్యారియరులో సంగటియు ఊరిబిండియు పెట్టి పంపినదెవరు? ఆ సంగతి ఏ వార్షిక నివేదికయందును లేదు.

నా ప్రతిపక్షులు ఇక్కడ ఒక వాదము తెచ్చెదరు. కోడండ్రను బాధించునది అత్తలు కాదా, కట్నము కొరకు పట్టుపట్టునది తల్లులు కాదా, కులము తప్పిన సంబంధమనగానే మంచము పట్టునది వారే కాదా యని. అట్టివారు కలరు, అనేకులు కలరు. కాదనుటకు నాకు నోరు రాదు. కాని ఈ వాదము తెచ్చువారు తామే చిక్కుకొనుచున్నారు. తల్లి కట్నము కావలెనన్నచో ఆమె మాట ఇంటికి శాసనమనియు, ఆడదానికి ఆడదే శత్రువనియు చాటెదరు. అదే తల్లి కట్నము వలదన్నచో ఆమెకేమి తెలియును, ఆడవాళ్ళ కబుర్లకేమి యని త్రోసివైచెదరు. ఆచారము పక్షమున పలికినప్పుడు కొండంత బరువున్న నోరు, మార్పు పక్షమున పలికినప్పుడు దూదిపింజ ఎట్లగును? మాటకు బరువున్నచో రెండు పక్షములందును ఉండవలెను. దుర్మార్గమునకు బాధ్యురాలిని చేసి సన్మార్గమునకు కర్తృత్వమును నిరాకరించుట కేవలము అన్యాయము. ఈ అన్యాయమే మన ప్రబలాభిప్రాయమునకు పునాది.

ఈ నేలమీద స్త్రీలు మార్పు పక్షమున పలుకుట నిన్న మొన్న మొదలైన సంగతియు కాదు. వితంతువుల దుఃస్థితిపై ఆంధ్రదేశమున జరిగిన సంస్కరణమును ప్రస్తావించునపుడెల్ల మనము 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు జరిపించిన తొలి వితంతు వివాహమునుండి లెక్క మొదలిడుదుము. ఆ మహనీయుని కృషికి శిరసు వంచవలసినదే. కాని అంతకు శతాబ్దమునకు పైగా ముందే, వాయల్పాటికి సమీపమందలి తరిగొండలో, చిన్ననాటనే భర్తను కోల్పోయిన వేంగమాంబ శిరోముండనమునకు గాని పసుపు కుంకుమలు విడుచుటకు గాని ఒప్పుకొనక, వేంకటేశ్వరుడే తన పతియని ఊరి పెద్దల కెదురు నిలిచెను. తుదకు తిరుమల చేరి, వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మొదలగు కృతులు రచించెను. నేటికిని స్వామి ఏకాంతసేవ వేళ ఆమె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. కొండమీద వేలాది యాత్రికులు పంక్తి కూర్చుండి భుజించు అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టియున్నారు. ఆ భవనమున కడుపునిండ తిని దిగివచ్చిన కుటుంబములే, ఇంట ఒక స్త్రీ భర్తను పోగొట్టుకొన్నచో పదిమంది యెదుట గాజులు పగులగొట్టించి బొట్టు చెరిపించుచున్నవి. మా బంధువుల యింట అట్టి దినమున, వయసు ముప్పది దాటని పిల్లను పెరట కూర్చుండబెట్టగా, అమ్మ ముందుకు పోయి, “తరిగొండ యెంగమాంబ బొట్టు తుడుచుకునిందా? ఈ బిడ్డ మాత్రం ఎందుకు తుడుచుకోవాల?” అని అడిగినది. పురోహితుడు సమాధానము చెప్పలేదు. ఆ పిల్ల నుదుట బొట్టు నేటికిని ఉన్నది. భక్తిగల తల్లి ఉదారురాలు కాజాలదనువారు, ఆ ప్రశ్న ఆమెకు భక్తివలననే కలిగినదని గ్రహింపవలెను.

భక్తినుండి పుట్టిన మాట మరియొకటి కలదు. మే మాసమున తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగు వారము దినములలో తిరుపతి వీధులలో మగవారు చీరలు కట్టి, జడలు వేసికొని, మొక్కులు తీర్చుకొందురు. ఆడపిల్లలను చెరుపుచుండిన ఒక దుర్మార్గుడగు పాలెగానిని, అమ్మవారు వేషములు మార్చి వెదకి సంహరించినదని కథ. ఆ కథను మేళతాళములతో ఏటేట జరుపుకొను ఊరిలోనే, వేధింపునకు గురియైన పిల్లను నీవెందుకు ఆ వేళప్పుడు పోయితివని అడుగువారు లేకపోలేదు. “వారం దినాలు చీర కట్టినోడు, తక్కిన ఏడాదంతా చీర కట్టేదాని మాట గూడా కొంచెం ఇనాల” అనునది అమ్మ అభిప్రాయము. జాతరకు ఇంతకన్న సార్థకమైన వ్యాఖ్యానమును నేను వినియుండలేదు.

ఇక కబుర్లవలన ఏమి జరుగునని అడుగువారికి మా పొరుగు జిల్లాయే ప్రత్యుత్తరము. నెల్లూరు జిల్లా దూబగుంటలో పగలెల్ల కూలికి పోయి రాత్రి పలకలు పట్టుకొని అక్షరాస్యతా కేంద్రమున చేరిన స్త్రీలు, వాచకమందలి పాఠమును మిషగా చేసికొని తమ యిండ్ల సంగతులే చెప్పుకొనిరి: ఎవని కూలి డబ్బు సారాయంగడికి పోయినది, ఎవతె వీపుమీద వాతలు తేలినవి. ఆ ముచ్చట్లనుండియే అంగడి మూయింపవలెనను నిశ్చయము పుట్టినది. 1992 నాటికి ఆ ఉద్యమము చిత్తూరు జిల్లాతోసహా రాష్ట్రమంతట వ్యాపించెను. సారా వేలము పాటలు ఆగిపోయినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. ఆ సంపూర్ణ నిషేధము రెండేండ్లకే సడలిపోయినది. ఆ సడలింపు మాత్రము ఆ స్త్రీలను అడిగి చేసినది కాదు.

సాహిత్యమందును తల్లుల మాటకు న్యాయము ఒకరిద్దరి చేతనే జరిగినది. మా సీమ మాండలికమున వ్రాసిన నామిని సుబ్రమణ్యం నాయుడు “మా అమ్మ చెప్పిన కతలు” అని తన పుస్తకమునకు పేరు పెట్టి, కథ ఎవరి సొత్తో ఒప్పుకొనెను. మాలతీ చందూర్ “ప్రమదావనము” శీర్షికలో దశాబ్దములపాటు ఇంటి సంగతులను పత్రికా చర్చకు తగిన సంగతులుగా నిలిపెను.

అన్నిటికన్న మిక్కుటముగా నన్ను కలచివైచునది ఆస్తి విషయము. హిందూ కుమార్తెలకు పిత్రార్జితమున కొడుకులతో సమాన హక్కు నిచ్చు సవరణను ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి అమలులోనికి తెచ్చెను. అది అప్పటికి పెండ్లికాని కుమార్తెలకే పరిమితము. దేశమంతటికిని అట్టి హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చెను. హక్కు వచ్చినది, నిజమే. పిదప జరుగుచున్నదేమి? రిజిస్ట్రారు కార్యాలయపు వరండాలో అన్నదమ్ములు ఒక ప్రక్క, దస్తావేజు లేఖరి ఒక ప్రక్క నిలువగా, పుట్టినింటి పిల్ల హక్కు విడుదల పత్రముమీద వ్రేలిముద్ర వేసి, కొత్త చీరయు పసుపు కుంకుమయు తీసికొని బస్సెక్కుచున్నది. చదువుకొన్న అన్నలు, స్త్రీ విముక్తిని గూర్చి ఉపన్యసింపగల అన్నలు సైతము ఆ పత్రమును సిద్ధము చేయించుచున్నారు. మా పొరుగింటి పిల్లకు ఆ పిలుపు వచ్చినప్పుడు అమ్మ ఆమెను కూర్చుండబెట్టి చెప్పిన మాట నాకు కంఠస్థము: “పుట్టినింటి చీర ఏడాదికి చినిగిపోతాదిమే, మడి చినగదు. సంతకం పెట్టేముందు ఒక్క రాత్రి నిద్రపొయ్యి ఆలోచించుకో.” ఆ పిల్ల సంతకము పెట్టలేదు. అమ్మతో ఆ యింటివారు రెండేండ్లు మాటలాడలేదు. ఉచితముగా అభిప్రాయము చెప్పుట సభలలో సాధ్యము. వీధిలో అభిప్రాయము చెప్పినవారు దానికి వెల చెల్లింతురు. వెల చెల్లించి చెప్పిన మాటను కబురనుట నాకు సమ్మతము కాదు.

ఆస్తి విషయముననే కాక ఆడపిల్లల ఉద్యోగముల విషయమునను ఆమె మాట అట్టిదే. శ్రీసిటీ పారిశ్రామికవాడలోని ఫోనుల కర్మాగారములలో నేడు వేలాది యువతులు పనిచేయుచున్నారు. వారిలో పలువురు సత్యవేడు, నగరి, శ్రీకాళహస్తి ప్రాంతపు పల్లెలనుండి పోయినవారు. రాత్రి వంతు పనికి పిల్లను పంపెదరా యని ముక్కున వ్రేలు వేసికొనువారితో అమ్మ, “రుయా ఆస్పత్రిలో అర్ధరాత్రి నర్సమ్మ సూదేస్తే గదా మీ మొగుడు బతికింది, ఆమెది రాత్రి డూటీ కాదా?” అని అడిగి ఊరకుండెను. వారును ఊరకుండిరి, మరుసటి యేడు వారి పిల్లయు ఆ కర్మాగారపు బస్సే యెక్కినది.

అమ్మయందు లోపములు లేవని నేననను. కులాంతర వివాహము మా కుటుంబమునకే వచ్చినప్పుడు ఆమె తొట్రుపడినది, కొన్ని నెలలు ఏడ్చినది. పిమ్మట ఆ వరుని గూర్చి అడిగిన ప్రశ్నలు రెండే: త్రాగునా, చేయి చేసికొనునా? ఈ రెండింటికిని కాదని సమాధానము వచ్చిన పిదప కులమును గూర్చి మూడవ ప్రశ్న అడుగలేదు. తన భయమును తానే జయించుటకు కొన్ని నెలలు పట్టినంత మాత్రమున ఆమెది ఉదారబుద్ధి కాకపోదు. ఆ కొన్ని నెలల పోరాటమును చేయనైనను చేయని విద్వాంసులను నేను చాలమందిని చూచియున్నాను.

బెంగుళూరులోను, చెన్నైలోను, విదేశములలోను ఉద్యోగములు చేయుచు, మన సంస్కారమంతయు కళాశాలలో అబ్బినదని తలచు మా సీమ బిడ్డలకు నా మనవి యొక్కటే. ఇంట పెండ్లి కుదుర్చునపుడు, పిల్ల చదువు నిర్ణయించునపుడు, భూమి పంచుకొనునపుడు, అమ్మను కాఫీ తెమ్మని లోపలికి పంపక ఆమెనే మొదట అడుగుడు. చెల్లెలి హక్కు విడుదల పత్రము మీ చేతిలో నున్నచో దానిని ముందుగా ఆమెకు చదివి వినిపింపుడు. ఆమె వలదన్నచో చింపివేయుడు.